మూడు వెనక గేర్ల బండి

స్కూటరు సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా నేను షెడ్డు ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోను. లోపలికి పోయి, మెకానిక్ అడుగు బోల్టు విప్పి నల్లబడిన గేరు నూనెను పాత పళ్ళెంలోకి వదిలేదాకా పక్కనే నిలబడతాను. కుళ్ళిన కోడిగుడ్డుకీ కాలిన రబ్బరుకీ మధ్య ఎక్కడో ఉండే ఆ వాసనకు మిగతావాళ్ళు ముక్కు మూసుకుని అవతలికి జరిగితే, నేను ఇంకాస్త దగ్గరికి వంగుతాను. "మేడమ్, చీర మీద పడుద్ది" అని మెకానిక్ హెచ్చరిస్తాడు. పడితే పడనీ. చిన్నప్పుడు ఆ నూనె మరక లేని గౌను నాకు ఒక్కటీ ఉండేది కాదు, ఆ మరకలకు మా అమ్మ తిట్టిన తిట్లకు అంతూ ఉండేది కాదు. ఈస్టరు అనగానే మావాళ్ళకు ఏవేవో వాసనలు గుర్తొస్తాయి గానీ, నాకు మాత్రం మొదట ఈ నూనె వాసనే వస్తుంది.

మా పల్లె ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది. పడమటి పక్క వరిచేలు, తూర్పు పక్క రొయ్యల గుంటలు, గుంటలు దాటితే సరుగుడు తోపు, తోపు దాటితే ఇసుక దిబ్బ, దిబ్బ దాటితే సముద్రం. ఎండలు ముదిరేసరికి సరుగుడు ఆకు రాలి తోపులో నేలంతా మెత్తటి చాప పరిచినట్టయ్యేది. మధ్యాహ్నం దాటాక గాలి తిరిగి తోపంతా హోరుమనేది, ఆ గాలిలో ఎండుచేపల వాసనా, ఉప్పు వాసనా, ఎవరో తాటిముంజలు కొడుతుంటే వచ్చే లేత పచ్చివాసనా కలిసి వచ్చేవి. బడి లేని రోజున మా ఆటంతా దిబ్బ మీదే. ఎండిన తాటిమట్ట మీద కూర్చుని పైనుంచి కిందికి జారడం, అరికాళ్ళు కాలుతుంటే గెంతుకుంటూ మళ్ళీ పైకెక్కడం, జుట్టునిండా చెవులనిండా ఇసుకతో ఇంటికి చేరి వీపు మీద దెబ్బలు తినడం. రొయ్యలకు రోగమొచ్చి చాలా గుంటలు ఎండిపోయిన కాలం అది. గుంటల్లో నీళ్ళను చిలికే తెడ్ల యంత్రాలు, ఏరేటర్లనేవాళ్ళం, గట్ల మీద గుట్టలుగా పడి తుప్పుపట్టేవి. వాటి తెడ్లు మా ఆటల్లో డాళ్ళూ కత్తులూ అయితే, వాటి లోపలి గేరుపెట్టెలు మా నాయనకు పెన్నిధి.

మా నాయన దేవదానం ఆ ఏరేటర్లను బాగుచేసే మనిషి. గుంటలు ఎండిపోయాక ఆయన చేతికి పని తగ్గింది గానీ నోటికి తగ్గలేదు. తను ముట్టుకున్న మిషనుకు మళ్ళీ రిపేరు రాదని తనే చెప్పుకునేవాడు, వస్తే అది యజమాని తప్పని కూడా తనే తేల్చేసేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది. ఎవరి మాటా చెవిన వేసుకోడు, ఒక్క వాళ్ళమ్మ మాట తప్ప.

ఆమే మా శాంతమ్మ అవ్వ. చూడటానికి బక్కపలచని మనిషి, గొంతు మాత్రం దిబ్బ అవతలికి వినపడేది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, గడప పక్కన కూర్చుని, వక్కాకు నములుతూ బైబిలు విప్పేది, కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో వెతకడం మా పని. వయసులో ఉన్నప్పుడు ఆమె నలుగురైదుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఈస్టరు నాడు తెల్లారకముందే దిబ్బ దాటిపోయి, పొద్దుపొడుపుకు ఎదురుగా నిలబడి పాట పాడిందట. ఆ నలుగురైదుగురే పోనుపోను ఊరంతా అయ్యారు. మా చర్చి గుడికి ఎందరు అయ్యగార్లు మారినా, ఈస్టరు నాడు మొదటి పాట ఆమే ఎత్తుకోవాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు అందుకోవాలి. ఎవరూ పెట్టిన నియమం కాదది, అట్లా నడిచిపోయింది.

అట్లాంటి అవ్వకు మోకాళ్ళు పట్టేశాయి. ఇంట్లో గోడ పట్టుకుని తిరిగేది గానీ, అడుగేస్తే చీలమండ దాకా దిగబడే ఇసుకలో దిబ్బెక్కడం ఆమె వల్ల కాలేదు. ఎద్దులబండి దిబ్బ మొదట్లోనే ఇరుసు దాకా కూరుకుపోయేది, ట్రాక్టరూ అక్కడ చేతులెత్తేసింది. ఆ ఏడు ఈస్టరుకు మంచం మీద మోసుకుపోతామంటే ఆమె ససేమిరా అన్నది. "నన్ను మంచం మీద మొయ్యబాకండిరా. అట్ట పొయ్యే రోజు వేరే వస్తది" అన్నది. అందరం ఆమెను వాకిట్లో వదిలేసి పోయాం. గాలివాటున మా పాట తెగి తెగి ఆమెకు వినపడిందట. ఆ రోజు ఆమె పండగన్నం ముట్టలేదు. సాయంత్రం నాయన పోయి పక్కన కూర్చుంటే, "ఇంక నాతో పనయిపోయింది లేరా అబ్బయ్యా" అన్నది. ఆ మాట మా నాయన మనసులో ముల్లులా గుచ్చుకుని ఏడాదంతా అక్కడే ఉండిపోయింది.

మరుసటి ఏడు, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలం మొదలవగానే నాయన పెరట్లో రేకుల కింద పని మొదలుపెట్టాడు. పక్క పొలం పెంచలయ్య మామ, చేలో నీళ్ళు తోడే పాత కిరసనాయిలు ఇంజనును ఎత్తుకుపొమ్మన్నాడు. పైపులతో చట్రం, నాలుగు లావు టైర్లు, నాయన కూర్చుని తోలడానికి ముందొక సీటు, దాని వెనక అవ్వ కోసం ఒక బల్ల, బల్ల వెనక సామాను పెట్టుకోవడానికి ఒక పలక. బండి ఆకారం తొందరగానే వచ్చేసింది. చిక్కంతా లోపలిదే. ఇంజను తిరిగే వేగం అట్లాగే చక్రాలకు పోతే అవి ఇసుకను తవ్వుకుని ఉన్నచోటే పాతుకుపోతాయి. వేగం తగ్గాలి, బలం పెరగాలి. అందుకు గేరుపెట్టె కావాలి. ఏదైనా ఆటోది తెచ్చి పెట్టెయ్యకూడదా అని అమ్మ అడిగితే, "మన దిబ్బ కోసం గేరుపెట్టె ఎవుడు చేసి పెట్టినాడే? నేనే చెయ్యాల" అన్నాడు, లోకంలో ఇంకెవరికీ చేతకాదన్నట్టు.

ఇనుప రేకులు కోయించి పెట్టెలా అతికించాడు. అందులోకి పాత ఆటోల పళ్ళచక్రాలు ఏరుకొచ్చి, ఆకురాయితో ఒక్కొక్క పన్నూ అరగదీశాడు. పళ్ళకు సుద్ద పూసి చేత్తో తిప్పేవాడు, ఎక్కడ సుద్ద చెరిగితే అక్కడ ఒరుసుకుంటున్నట్టు, మళ్ళీ ఆకురాయి పట్టేవాడు. పెరడంతా కిరసనాయిలు కంపు, ఇనుప రజను, ఆయన కూనిరాగం. నేను బడి నుంచి రాగానే సంచి విసిరేసి ఆయన ఎదురుగా కూర్చునేదాన్ని. గిన్నెలో పళ్ళచక్రాలు కడగడమే కాదు, ఆయన బండ వేళ్ళు దూరని మూలల్లో, ఆ చక్రాలు జారకుండా పట్టే రింగులు ఎక్కించడం కూడా నా పనే. రింగు గాడిలో పడి టక్కుమని కూర్చుందంటే, లెక్కల్లో నూటికి నూరు వచ్చినా అంత సంతోషం ఉండేది కాదు నాకు. నేను కాక ఇంకెవరు ఎక్కించగలరని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని. ఆ డంబం ఎవరి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు.

ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి అని ఆయన పథకం. చివర్లో, ఇరుసు దగ్గర, బలం ఇంకాస్త పెంచడానికి ఒక ఏరేటరు గేరుపెట్టె. దాని అడుగున నూనె వదిలే రంధ్రం ఉప్పునీళ్ళకు అరిగిపోయి, బోల్టు నిలవకుండా ఉంది. నూనె పోస్తే కారిపోతుంది. నాయన గడ్డం గోక్కుంటూ ఆలోచించి ఆ పెట్టెను తలకిందులుగా పెట్టాడు. రంధ్రం పైకి వచ్చాక ఇంక కారేదేముంది? ఆ తెలివికి తనే మురిసిపోయి, మామూలు బోల్టులు ఉప్పుగాలికి ఆగవంటూ ఇందుకూరుపేట పోయి, దాన్ని చట్రానికి వెల్డింగు పెట్టించుకొచ్చాడు.

మట్టల ఆదివారం గుడి విడిచాక జనమంతా చేతుల్లో ఈతమట్టలతోనే మా వాకిట్లో చేరారు. నాయన తాడు చుట్టి లాగాడు. ఇంజను దగ్గి, పొగ చిమ్మి అందుకుంది. మీట లాగి మొదటి గేరు వేశాడు. బండి నింపాదిగా వెనక్కి కదిలి, మా అమ్మ ఎండబెట్టిన మామిడి ఒరుగుల మీదుగా పోయి కోళ్ళగూటిని గుద్ది ఆగింది. నలుగురూ దాన్ని ముందుకు నెట్టుకొస్తే రెండో గేరు వేశాడు. ఇంకాస్త వేగంగా వెనక్కి. మూడోదీ అంతే. చివరికి వెనక గేరు వేస్తే బండి ముందుకు గెంతింది. గేరుపెట్టె తలకిందులైతే చక్రాలు తిరిగే దిక్కు కూడా మారిపోతుందన్న సంగతి, నూనె ధ్యాసలో పడిన ఆ మహానుభావుడికి తట్టలేదు.

"ఏంది దేవదానం, నెల్లూరికి పోవాలంటే నీ బండి మూతి సముద్రం తట్టు పెట్టాలా ఏందీ?" అని పెంచలయ్య మామ అనేసరికి వాకిలంతా నవ్వులు. కోళ్ళు కూడా అరుస్తూనే ఉన్నాయి. నాయన ముఖం మాడిపోయింది. విప్పి సరిచేద్దామంటే వెల్డింగు, కోయిస్తే చట్రమే దెబ్బతింటుంది, చూస్తే పండగ వచ్చే ఆదివారమే. ముందుకు పోయే గేరు ఒకటుంది కదా, అది చాల్లే అన్నాడు. అది ఇరుకులో బండిని కాస్త జరుపుకోవడానికి పెట్టుకున్న గేరు, దానికి వేగమే గానీ బలం లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అవ్వ మాత్రం ఎవరి నవ్వూ పట్టించుకోకుండా పాత చీరలు మడిచి బల్ల మీదికి మెత్త కుట్టుకుంది. ఆమె సూదిలో దారం ఎక్కిస్తుంటే నాకు భయమేసింది. ఈసారి కూడా వాకిట్లో మిగిలిపోతే ఆమె మళ్ళీ లేవదని నాకు గట్టిగా అనిపించింది.

ఈస్టరు నాడు చీకటి ఇంకా విచ్చకముందే బయల్దేరాం. అవ్వ తెల్లచీర కట్టుకుని మెత్త మీద కూర్చుంది. జనం టార్చిలైట్లూ లాంతర్లూ పట్టుకుని బండి చుట్టూ నడిచారు, మా గుడికి వచ్చే మనిషి కాకపోయినా పెంచలయ్య మామ కూడా కిరసనాయిలు డబ్బా పట్టుకుని వచ్చాడు. తోపు దాటేదాకా బండి బాగానే పోయింది. దిబ్బ మొదట్లో ఇంజను మూలిగి ఆగిపోయింది. నాయన మళ్ళీ తాడు లాగాడు. చక్రాలు ఇసుకను తవ్వి, ఇంజను మళ్ళీ ఆగింది. తూర్పున తెలుపు పారుతోంది. ఎవరో వెనక నుంచి, దించండి మోసుకుపోదాం అన్నారు. నాయన మళ్ళీ తాడు చుట్టసాగాడు.

అప్పుడు అవ్వ అన్నది. "ఒరే అబ్బయ్యా, ఎనక్కి బాగా పోతది గదరా. ఎనక్కే పోనీ."

"ఎనక ఏముందో నాకు కనపడదమ్మా."

"పాప ఉండాది గదా. అది చూస్తది, నువ్వు తోలు."

బండిని అందరూ పట్టి మూతి ఊరివైపు తిప్పారు. నేను వెనక పలక మీదికెక్కి, అవ్వ కూర్చున్న బల్లను గట్టిగా పట్టుకుని, దిబ్బ వైపు చూస్తూ నిలబడ్డాను. నాయన మొదటి గేరు వేశాడు. ఇంజను గొంతు మారింది, చక్రాలు ఇసుకను తవ్వలేదు, మెల్లగా అదిమిపట్టి పైకెక్కడం మొదలుపెట్టాయి. "కుడికి నాయనా! మొద్దుంది, ఎడమకి! ఇంకొంచెం, ఇంకొంచెం, పోనీ!" అని నేను అరుస్తుంటే, ఏ రోజూ ఎవరి మాటా వినని మా నాయన నేను చెప్పినట్టల్లా తిప్పాడు. వేడెక్కిన గేరు నూనె వాసన గుప్పున నా ముఖానికి కొట్టింది. పైకి చేరేసరికి ఎర్రటి గీతలా సముద్రం కనపడింది. ఆ పొద్దు అందరికంటే ముందు సముద్రాన్ని చూసింది నేను.

అవ్వకు సముద్రం కనపడలేదు. ఆమె ముఖం ఊరివైపు ఉంది. లాంతర్ల వెలుగులో ఇసుకలో పడుతూ లేస్తూ తన వెంట ఎక్కివస్తున్న జనమంతా ఆమెకు ఎదురుగా ఉన్నారు. ఒడ్డుకు చేరేదాకా ఆగలేక, దిబ్బ నడినెత్తిన, ఆ ఇంజను రొదలోనే అవ్వ పాట ఎత్తుకుంది. నేను వెనక్కి తిరిగి చూస్తే కింద నుంచి జనం ఆయాసపడుతూనే అందుకున్నారు. నాయన స్టీరింగు వదలకుండా భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు. పెంచలయ్య మామ డబ్బా కిందపెట్టి, "తిక్క బండే గానీ మొనగాడివిరా" అన్నాడు. ఆ ఏడు ఆరాధన దిబ్బ మీదే జరిగింది, తిరిగి దిగేటప్పుడు మూతి ఎటూ ఊరివైపే ఉంది కాబట్టి ఆ బలంలేని గేరే చాలింది. మధ్యాహ్నం అమ్మ మామిడికాయ వేసి వంజరం చేపల పులుసు పెడితే, అవ్వ అడిగి మరీ రెండోసారి వడ్డించుకుంది.

పండగయ్యాక నాయన ఆ వెల్డింగు కోయించి పెట్టెను సరిగా పెడతానంటే అవ్వ ఒప్పుకోలేదు. "తిప్పబాక. నేను చూడని సముద్రమా అది? ఇన్నేళ్ళూ ముందు నడిచి మీ మొగాలే చూళ్ళేదు. ఇట్టే బాగుండాది" అన్నది. ఎనకబండి అని ఊరు దానికి పేరు పెట్టింది. ఒడ్డున పడిన వలలూ, చేపల గంపలూ, తోపులో కట్టెలూ దాని మీద వచ్చాయి, ఒకసారి దిబ్బ అవతలి గుడిసెలో నొప్పులొచ్చిన ఒక నిండు చూలాలు కూడా వచ్చింది. అది దిబ్బెక్కిందంటే వెనక్కే, వెనక పలక మీద కళ్ళు నావే. పెద్దదాన్నై ఓణీ వేసుకున్నాక కూడా ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత చాలా ఈస్టర్లకు అవ్వ దాని మీదే పోయి, చివరికి తను అన్నట్టే మంచం మీద పోయింది. ఇప్పుడు అక్కడ దిబ్బ లేదు. ఇసుకను లారీలెక్కించారు, తోపు కొట్టేశారు, సిమెంటు రోడ్డు నేరుగా నీళ్ళ దాకా పోతుంది. చట్రం తుప్పుకు రాలిపోయింది, నాయన చేసిన గేరుపెట్టె మాత్రం రేకుల కింద గోనెపట్టాలో చుట్టి ఉంది. మొన్న ఈస్టరుకు కారులోనే ఒడ్డుకు చేరాం. పాట మైకులో మొదలైంది.

ఆరాధన అయ్యాక, పర్యాటకులను ఎక్కించి ఇసుకలో తిప్పే కొత్త రకం లావు టైర్ల బండ్లు ఒడ్డున వరసగా కనపడ్డాయి. నాయన చేతికర్ర ఆనించుకుంటూ వాటి దగ్గరికి పోయి, ఒకదాని కిందికి వంగి చూశాడు. బండి యజమాని నవ్వుతూ, ఎక్కుతావా పెద్దాయనా అని అడిగాడు.

"దీనికి ఎనక్కి ఎన్ని గేర్లు?" అన్నాడు నాయన.

"ఒకటే. యాడైనా ఒకటేగా?"

"మా దానికి మూడు" అన్నాడు నాయన, తల ఎత్తి.

అతను ఈయనకు మతి ఉందా లేదా అన్నట్టు నా వైపు చూశాడు.

"అవును, మూడే," అన్నాను. "దారి చూపించింది నేనే."