కొడవలికి అంటిన రాగి

మైలుతుత్తం మందులో కొడవలి ముంచి చూడడం నాకు మా అత్త నేర్పింది. బాగేపల్లి పక్క వేరుశనగ చేలల్లో పెరిగినదాన్ని. చిక్కబళ్ళాపురం దగ్గర ద్రాక్షతోట ఉన్న ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు మందు కలపడం తెలియదు. ఒక డ్రమ్ములో మైలుతుత్తం, ఇంకో డ్రమ్ములో సున్నం కరిగించి, రెండూ మూడో డ్రమ్ములోకి పోయాలి. బాగా తోమిన కొడవలిని అందులో కాసేపు ఉంచి తీస్తే, ఇనుము మెరుస్తూనే ఉందంటే మందు సరిగ్గా కుదిరినట్టు. ఎర్రగా రాగి పట్టిందంటే ఆమ్లం మిగిలి ఉంది, ఇంకా సున్నపునీళ్ళు పోయాలి. లేకపోతే బూజు తెగులు పోవడం సంగతి అటుంచి, మందే ఆకును మాడ్చేస్తుంది. ఆమ్లం, క్షారం అన్న మాటలు మా అత్తకు తెలియవు. "పులుపు విరగలేదు, ఇంకొంచెం పొయ్యి" అనేది, అంతే. ఆమె చేతి మందుకు ఒక్క ఆకు మాడి నేను చూడలేదు.

ఆమె పోయాక ఆ పని నాకొచ్చింది. పాత తీగలు పీకేసి కొత్తవి నాటాం. పందిరికి తీగలు కట్టిందీ, కొసలు తుంచిందీ నేనే. మొదటి కాపు గుత్తులు అప్పుడే పిందె పడుతున్నాయి. వానలు పట్టుకున్నాయి, మందు కొట్టక తప్పదు. ఇంటిల్లిపాదీ ఆ పిందెల మీదే ఆశ పెట్టుకుని ఉన్నాం.

మా మరిది చింతామణిలో డిగ్రీ చదివి వచ్చాడు. పీహెచ్ కొలిచే పెన్ను ఒకటి కొనుక్కొచ్చాడు. నేను కొడవలి తోముతుంటే నవ్వాడు.

"ఇంకా ఈ కొడవలేంది వదినా? ఇది చూడు, ఏడు చూపిస్తాండాది. ఏడంటే ఆమ్లమూ లేదు, క్షారమూ లేదు."

"సున్నం మూట పాతది. గాలి తగిలి సత్తువ పోయింటాది" అన్నాను.

"వాడు చదువుకున్నోడు లేమ్మా, వాడికి తెలీదా? నువ్వు పొయ్యి టీ పెట్టు" అన్నాడు మా మామ.

ఇన్నేళ్ళు కలిపినదాన్ని, నన్ను టీ పెట్టమన్నారు. ఒళ్ళు మండిపోయింది. వాళ్ళిద్దరూ స్ప్రేయరు తేవడానికి షెడ్డులోకి వెళ్ళగానే కొడవలి డ్రమ్ములో ముంచాను. తీసి చూస్తే అంచు పొడుగునా రాగి పట్టి ఉంది. పక్క డ్రమ్ములో సున్నపునీళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. రెండు చెంబులు పోసి, మళ్ళీ ముంచి చూసుకుంటే సరిపోయేది. లేదా ఒక్క కేక వేసినా చాలు.

కొడవలిని బూడిదతో తోమేసి టీ పెట్టడానికి వెళ్ళాను. కానీలే, చూద్దాం వాడి చదువు అనుకున్నాను. దాచి లాభం లేదు, అప్పుడు నాకు సంతోషంగానే ఉంది.

మందు కొట్టిన మూడో రోజుకు ఆకుల అంచులు మాడాయి. వారం తిరిగేసరికి పిందెలు నల్లబడి, ముట్టుకుంటే రాలిపోయాయి. తోటగారికె ఆఫీసు, అదే ఉద్యానశాఖ, నుంచి వచ్చినాయన ఆకు చూడగానే, మందులో ఆమ్లం విరగలేదన్నాడు. ఆ పెన్నును వాడే ముందు దాంతో ఇచ్చిన పొడి కలిపిన నీళ్ళలో ముంచి సరిచేసుకోవాలట. మా మరిది ఆ పొట్లం విప్పనే లేదు. అతను తల దించుకుని నిలబడితే, నేను అనుకున్నంత సంతోషం రాలేదు. నా చేత్తో కట్టిన తీగలవి.

ఆ సాయంత్రం మా మామ పందిరి కింద కూర్చుని అడిగాడు. "నువ్వు ఒక్కతూరి కొడవలి పెట్టి చూసింటే తెలుస్తాండె కదమ్మా. యాల చూడలే?"

"మీరే వద్దంటిరి కదా మామా" అన్నాను.

"నిజమే, తప్పు నాదేనమ్మా" అన్నాడు ఆయన. ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా, చదువు మోజులో పడి కోడలి మాట వినలేదని తనను తానే తిట్టుకునేవాడు. నన్ను పక్కన పెట్టుకునే చెప్పేవాడు. నేను తల ఊపుతూ వినేదాన్ని.

పోయిన ఏడు ఆయన పోయాడు. తప్పు తనదే అనుకుంటూనే పోయాడు.