ఇంట్లో ముసలిదాని ఓటు

మా చిన్నప్పుడు ఆడదాని పేరు పరాయి మగాడి చెవిన పడకూడదు... స్వతంత్రం వచ్చాక మొదటి ఎలక్షన్లకి ఓట్ల లిస్టు రాసే గుమాస్తా మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ తలుపు చాటున నిలబడింది.

"పేరు చెప్పమ్మా" అన్నాడాయన. అమ్మ కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. నాన్న మీసం దువ్వుకుంటూ "రాఘవులు పెళ్లామని రాసుకోండి, చాలు" అన్నాడు.

నాకు ఎనిమిదేళ్లు. అమ్మ పేరు నాకు తెలుసు. నాన్న ఒక్క చూపు చూశాడు... నోరు మూసుకున్నాను.

ఓట్ల రోజున అమ్మ పెట్టె అడుగునున్న పట్టుచీర కట్టుకుని ఎండలో నిలబడింది. తీరా తన వంతు వచ్చేసరికి పేరు లేదన్నారు. ఫలానావాడి పెళ్లామని రాసిన పేర్లన్నీ పైఅధికారులు లిస్టులోంచి కొట్టేశారట. వరుసలో మగాళ్లు పగలబడి నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

ఇంటికొచ్చి అమ్మ చీపురు తిరగేసి నన్ను బాదింది. "నీకు తెలుసు కదే... చెప్పలేకపోయావా?" నాన్నను కొట్టలేక నన్ను కొట్టింది.

ఇప్పుడు నేనుండేది అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, కూతురి దగ్గర. మనవరాలిని పెంచడానికి వచ్చి, ఇక్కడే సిటిజన్‌నయ్యాను. చదువు రాదు. సంతకం ఒక్కటే వచ్చు.

ప్రెసిడెంట్ ఎలక్షన్ వచ్చిందంటే మా అల్లుడు స్నేహితులను పోగేసి, లాప్‌టాప్ ముందు ఓట్ల లెక్కలు వేస్తూ మనుషులను కుప్పలు పోస్తాడు. తెల్లవాళ్లదొక కుప్ప, నల్లవాళ్లదొకటి, మెక్సికోవాళ్లదొకటి, మనవాళ్లదొకటి...

"ఒకప్పుడు ఈ ఏరియా మొత్తం ఒక్క పార్టీదే బాస్. మనవాళ్లు ఇళ్లు కొన్నాక మ్యాప్ మారింది. మన పిల్లలు ఓటర్లయితే ఇంకా మారుతుంది" అన్నాడు ఒకతను. "మరి మీ అత్తగారు?"

"సీనియర్, ఫిమేల్, నో కాలేజ్. ఆ ఓటు నా జేబులోనే ఉంది" అని నవ్వాడు అల్లుడు. నేను అక్కడే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

మర్నాడు, పోస్టులో ఇంటికే వచ్చిన నా బ్యాలెట్ కాగితం తెచ్చాడు. గళ్లన్నీ నింపేసి ఉన్నాయి.

"అంతా ఫిల్ చేసేశా అత్తయ్యగారూ. కవర్ మీద సైన్ చేయండి, చాలు."

"ఎవరికి వేశావు నాయనా?"

"మనకెవరు మంచో వాళ్లకే. మీకెందుకండీ ఆ టెన్షన్?"

నా కూతురు డాక్టరు. పక్కనే నిలబడి ఫోను చూసుకుంటోంది. "నువ్వేమంటావే?" అని అడిగాను.

"సంతకం పెట్టేయమ్మా... మళ్లీ గొడవెందుకు" అంది.

నేను దాన్ని కొట్టలేదు. "నిన్ను చదివించమని మీ నాన్న కాళ్లు పట్టుకున్నాను. చదువు లేకుండా పేడ ఎత్తుకోనిచ్చినా ఇంతకంటే నోరుండేది నీకు" అన్నాను, మొగుడి ముందే. అది ఏడ్చింది. ఏడవనిచ్చాను.

మనవరాలిని కారు తీయమన్నాను. పోలింగ్ బూత్ దగ్గర ఆ బ్యాలెట్ తిరిగిచ్చేశాను. చదువురానివాళ్లు నమ్మిన మనిషిని తోడు తెచ్చుకోవచ్చట... నేను చెప్పినట్టే చేస్తానని మనవరాలు ప్రమాణం చేసింది.

మిషన్ మీది పేర్లన్నీ చదివి వినిపించింది. "అమ్మమ్మా, ఆర్ యూ ష్యూర్?" అంది నేను వేలు పెట్టిన పేరు చూసి.

"నొక్కవే."

నొక్కింది. ఎవరికి వేశానని అల్లుడు రోజూ అడుగుతూనే ఉన్నాడు. చెప్పను. కూతురు నాతో సరిగా మాట్లాడటం లేదు. పోనీ...

అప్పట్లో ఆడదాని పేరు కూడా రాసుకునేవారు కాదు. ఇప్పుడు పేరు, వయసు, రంగు, చదువు అన్నీ రాసుకుంటున్నారు... వేయకముందు, ఎవరికి వేస్తావని అడగడమే ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు.

మీ ఇంట్లో ముసలిదాని బ్యాలెట్ ఎవరు నింపారు? కింద రాయండి. నేను చెబితే ఇదంతా రాసిన ఈ ఫోనే మీరు రాసింది నాకు చదివి వినిపిస్తుంది. నింపినవాళ్లే రాస్తే ఇంకా మంచిది.