గేటు లోపలి తుపాకి

సింహాచలానిది అక్కుపల్లి, వల లాగి కాయలు కాసిన చేతులు. పూండి స్టేషను దగ్గర ఒక జమీందారు కొత్తగా కాలేజీ పెట్టించినప్పుడు, ఇక తను సముద్రం మీదికెళ్లాడని పెళ్లాం నూకమ్మ ఒడ్డున కూర్చుని ఏడవక్కర్లేదని గేటు కాపలాకి కుదిరాడు. నూకమ్మ ఊరంతా చెప్పుకుని మురిసింది. "మా మావకి మరి గాలీవానా బయం నేదు!"

తుపాకి లోపలికి తేకూడదని కాలేజీ రూలు. చుట్టుపక్కల ఉద్దానం తోటల రైతులు ఎలుగుబంట్ల భయానికి తోటదారిలో తుపాకి లేనిదే నడవరు. కొడుకులను చూడవచ్చినవాళ్లు దాన్ని గేటు దగ్గర సింహాచలానికిచ్చి వెళ్లేవారు. గొట్టంలో మందు దట్టించాక పేలిస్తే తప్ప ఖాళీ కాదు. నిండు తుపాకి గడప దాటితే ఆ ఇంటి ఇల్లాలికి కీడని నమ్మి, పొలిమేరలోనే గాల్లోకి పేల్చేసి వచ్చేవారు. ఖాళీయేనా అని అడిగితే, నా పెళ్లాం చావు కోరి వచ్చావా అన్నంత తప్పు. సింహాచలం ఏనాడూ ఎవర్నీ అడగలేదు.

జమీందారు కొడుకు చిట్టిబాబు ఆ కాలేజీలోనే చదివేవాడు. చదివేవాడని మర్యాదకి అనడమే. ఒకనాడు బాతుల వేట నుంచి తిన్నగా వచ్చి లోపలికి పోబోతే సింహాచలం అడ్డం నిలబడ్డాడు.

"బాబూ, తుపాకి ఇటియ్యండి. రూలు."

చిట్టిబాబు నవ్వి, తుపాకి అతని చేతుల్లో పడేసి వెళ్లిపోయాడు. పట్నంలో పెరిగినవాడికి పొలిమేర ఆనవాయితీ ఏం తెలుసు? సింహాచలం అలవాటుగా ఏమీ అడక్కుండా, గేటు లోపలున్న తన పాకలో గోడకి ఆనించాడు.

మధ్యాహ్నం నూకమ్మ అంబలి తెచ్చింది. కుండ దించడానికి చోటు చాలక తుపాకిని పక్కకి జరిపింది. అది జారిపడి పేలింది. సింహాచలం పరుగెత్తుకొచ్చేసరికి అంబలీ నెత్తురూ కలిసి పారుతున్నాయి. నూకమ్మ పలకలేదు.

సాయంత్రం ప్రిన్సిపాలు విచారణ పెట్టాడు.

"తుపాకి గేటు లోపలికి తెచ్చింది ఎవరు?"

"నానే బాబూ. పాక లోపలే ఉంది కదండీ."

"చిట్టిబాబుగారు తేలేదుగా?"

"నేదండి."

అంతే, రూలు తప్పినవాడు దొరికాడు. ఉద్యోగం పోయింది. ఆ దిక్కుమాలిన పెద్దమనిషి, చీకటి పడకముందే శవాన్ని గేటు దాటించమని కూడా చెప్పాడు.

ఇంతలో చిట్టిబాబు తన తుపాకి కోసం వచ్చాడు. సింహాచలం పాకలోకి వెళ్లి, దానిమీది నెత్తురు తుండుగుడ్డతో తుడిచి, రెండు చేతులా అందించాడు.

"అట్టుకెల్లండి బాబూ. పేలిపోనాది. ఇంక మీ ఇంట్లో ఆడోళ్లకి బయం నేదు."