రెండు వేళ్లకు రాని కత్తి

మస్కట్‌లోని వాడి కబీర్ పేటలో మేం ఖంజర్లు చేసే షాపుకు మంచి ఏసీ ఉంది. కానీ అది వెండి పనికి మాత్రమే. చెక్క పని వెనక వరండాలోనే జరగాలని మా అర్బాబ్, అంటే యజమాని, పట్టుదల. ఆగస్టులో మస్కట్ వరండా ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ అక్కడ చాప వేసుకుని కూర్చోరు. డెబ్బై దాటిన ఆ మనిషి కూర్చుంటాడు. లుంగీ కట్టుకుని, తడిసిన బనీను ఒంటికి అతుక్కుపోయి, ఆకురాయితో చెక్కను అరగదీస్తూ ఉంటాడు. చెక్క పొట్టుకు ఏసీ పాడవుతుందన్న పిసినారితనం అనుకున్నాను. ఆరేళ్లు అదే అనుకున్నాను.

ఖంజర్ అంటే ఇక్కడి మగవాళ్లు పెళ్లికీ పండగకీ నడుముకు ముందువైపు కట్టుకునే వంకర కత్తి. లోపల ఉండే కత్తి అలుగు ఎవరికీ కనపడదు. కనపడేది ఒర. రెండు చెక్క పలకలు అతికించి, పైన తోలు తొడిగి, ఆ తోలు మీద వెండి తీగతో లతలూ పువ్వులూ కుడతారు. ఆ కుట్టే నా పని. నేను కరీంనగర్ వాణ్ణి. మా ఇంట్లో మూడు తరాలుగా వెండి తీగతో అత్తరుదానులు అల్లుతున్నాం. ఇక్కడ మాత్రం నా పేరు తార్‌వాలా, అంటే తీగవాడు. పువ్వు నాది, ఖంజర్ ఆయనది. కొనడానికి వచ్చినవాళ్లు నా పువ్వును వేలితో తడిమి, ఆయన వైపు తిరిగి మెచ్చుకునేవాళ్లు. ఒక్క ఖంజరైనా మొదటినుంచి చివరిదాకా నా చేతుల మీదుగా పోవాలని, ఆ తార్‌వాలా అన్న పిలుపు వదిలించుకోవాలని నాకు కసి.

పోయిన వేసవిలో ఆయన మనవడికి పెళ్లి కుదిరింది. ఒక ఉదయం అలుగు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆయనది అరబ్బీ కలిసిన హిందీ, నాది తెలంగాణ కలిసిన హిందీ. తెలుగులోనే రాస్తాను.

“పెళ్లికొడుకుది. చెక్క, తోలు, వెండి, అన్నీ నువ్వే చెయ్యి. బాగుంటే నిన్నిక తార్‌వాలా అనను.”

రూంలో ఈ మాట చెప్తే, నా పక్క మంచం మీది జగిత్యాల తాపీమేస్త్రి ఎగతాళి చేశాడు. “ఇగ నీతోని మాట్లాడాల్నంటే మేం లైన్ల నిలవడాలె గావచ్చు అన్నా!”

అర్బాబ్ మధ్యాహ్నం నిద్రకు ఇంటికి వెళ్లగానే నేను చెక్కను ఏసీ గదిలోకి తెచ్చుకునేవాణ్ణి. “ముసలోనికి పిచ్చి లేస్తే నాక్కూడ లెవ్వాల్నా” అని గొణుక్కుంటూ పలకలు రెండూ చల్లగా కూర్చుని తొలిచాను. అలుగు వెన్నలో దిగినట్టు దిగింది. తర్వాత తోలు తొడిగాను. పద్దెనిమిది రోజులు కూర్చుని, మా ఇంటి అత్తరుదానుల మీద ఉండే లతను ఒర నిండా పారించాను. అంత మంచి పని నేను అంతకుముందు చేయలేదు.

పెళ్లికి పది రోజులుందనగా ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, వరండాలో మేకుకు తగిలించాడు. నా వెండి మీద దుమ్ము పడుతుంటే కడుపు మండిపోయింది. నోరు మూసుకుని ఊరుకున్నాను. నాలుగో రోజు దాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు.

“తియ్యి.”

పిడి పట్టుకుని లాగాను. రాలేదు. ఒరను మోకాళ్ల మధ్య బిగించి లాగాను. కదల్లేదు.

“రెండు వేళ్లతో రావాలి” అన్నాడు.

“పెండ్లిల దీన్ని ఎవరు తీస్తరు అర్బాబ్? నలుగుర్ల ఖంజర్ దూసుడే తప్పని మీరే చెప్పిండ్రు గదా. బతికినన్నొద్దులు ఒరలనే ఉంటది.”

“ఉంటుంది. కానీ లోపల ఉంచేది మనిషి అయ్యుండాలి. చెక్క కాదు.”

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. బయటి తేమకు చెక్క ఉబ్బుతుంది. పైన తోలూ వెండీ బిగించి ఉంటాయి కాబట్టి ఆ ఉబ్బు లోపలికే వచ్చి అలుగును పట్టేస్తుంది. అందుకే కట్టుకునే గాలిలోనే తొలవాలి. ఇంత చిన్న మాట! నాకు అప్పటిదాకా పట్టి ఉంచిన కోపమంతా ఒక్కసారి బయటపడింది.

“ఆరేండ్లల్ల ఒక్కసారన్న ఎందుకు చెప్పలే?” అని అరిచాను. ఆ షాపులో నేను గొంతు పెంచడం అదే మొదలు.

ఆయనకు కోపం రాలేదు. “ఆరేళ్లలో ఒక్కసారైనా అడిగావా?”

అడగలేదు. ఆయనకు అర్థం కాదన్న ధైర్యంతో తెలుగులో రోజూ తిట్టుకున్నాను, అంతే. పనిలో తప్పు పట్టినా, పువ్వు నాదని చెప్పకపోయినా, సెలవు వాయిదా వేసినా పళ్లు నూరుకుని తల ఊపాను. దాన్ని ఓర్పు అనుకుని నాలో నేను గర్వపడ్డాను కూడా. సిగ్గేసింది.

లోపలి చెక్కను చేరాలంటే పైన కుట్టు విప్పడం ఒకటే దారి. అంత పనీ తిరిగి చేయడానికి ఆరు రోజులు చాలవు. పెళ్లికొడుకు తాత ఖంజరే కట్టుకున్నాడు. భోజనాలకు నన్నూ పిలిచారు, తలనొప్పి అని చెప్పి రూంలోనే పడుకున్నాను.

మర్నాడు కత్తెర పట్టుకుని వరండాలోకి వెళ్లాను. పద్దెనిమిది రోజుల తీగను నా చేతులతోనే తెంపాను. చెమట కళ్లలోకి కారి మండుతోంది. ఆయన పక్కనే ఉన్నా సాయం చేయలేదు. తోలు ఊడదీసి, పలకలు విడదీసి, ఆకురాయి అందుకున్నాక చేయి ఆగిపోయింది.

“ఎంత తియ్యాలె?” అని అడిగాను.

ఆయన జరిగి చాప మీద చోటిచ్చాడు. తలుపు సందులోంచి ఏసీ గాలి మా మీదికి వస్తోంది. లేచి తలుపు మూసి, వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.