కండ పట్టిన పొట్టేలు

ఆ ఏడు మా మందలో కవలలు పుట్టాయి. ఒకటి తల్లి పాలన్నీ తాగేసేది. రెండోది, పొట్టేలు పిల్ల, పారుడు రోగం పట్టి, ఆగని విరేచనాలతో ఎముకల గూడై మిగిలింది. మా మామ దాన్ని కాలితో పక్కకు నెట్టి తీర్పు చెప్పేశాడు.

"ఎల్లమ్మ పండుగ దాక సూస్త. కండ పట్టకపోతే కటికోనికి ఇచ్చేస్త."

"పడితే?"

"పడితే మందల విత్తనపు పొట్టేలుగ ఉంచుకుందాం, తీయ్."

నాకు ఒళ్లు మండింది. సూర్యాపేట వెళ్లి పశువుల మందుల దుకాణంలో ప్రోబయోటిక్ పొడి తెచ్చాను. అందులో మేలు చేసే సూక్ష్మజీవులు బతికే ఉంటాయనీ, అవి తిన్నది ఒంటికి పట్టేలా చేస్తాయనీ దుకాణమతను చెప్పాడు. మా అత్తమ్మ ఆ పొడిని సలసల కాగే నూకల జావలో కలిపేసింది. మా ఇంట్లో మనిషికైనా గొర్రెకైనా మందు వేడిగానే పడాలి మరి! పిల్ల ఇంకా చిక్కింది.

మళ్లీ దుకాణానికి పోతే, "జీవమున్నదాన్ని ఉడకబెట్టిండ్రా అమ్మా?" అని అతను పడీపడీ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు!

అప్పట్నుంచి మిర్యాలగూడ మిల్లు తవుడును చల్లటి నీళ్లతో తడిపి, పొడి కలిపి, నా చేత్తోనే తినిపించాను. పారుడు కట్టింది. వీపు నిండింది. మందలో దాన్ని మించినది లేకుండా పోయింది. అది వచ్చి మోకాలికి తల కొడుతుంటే నాకెంత గర్వమో!

పండుగనాడు మామ దాని మెడకు వేపమండలు కట్టాడు. ఏరు దాటినాక తెప్ప తగలేసే రకం.

"మాటిచ్చినవ్ గద మామా!"

"అమ్మోరికి బక్కదాన్ని పెడ్తమా? గిసొంటిది మందల ఇంకోటుంటే నువ్వే సూపియ్యి."

మా వైపు జీవాల మీద పసుపు నీళ్లు చల్లి, అవి ఒళ్లు విదిలించేదాకా కత్తి ఎత్తరు. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దాన్నే జడ్త అంటారు. నా పొట్టేలు ఎంతకీ విదిలించలేదు. బతికిపోయింది తల్లీ అనుకున్నాను. అప్పుడు అత్తమ్మ చెంబు నా చేతిలో పెట్టింది.

"నీ చేతికి మరిగింది. నువ్వు పొయ్యి."

పోయనన్నాను. అదేమో తవుడు తెచ్చాననుకుని నా చేతిలో మూతి పెట్టింది. మామ చెంబు లాక్కుని దాని చెవిలో నీళ్లు గుమ్మరించాడు. చెవిలో నీళ్లు పోస్తే అమ్మోరైనా తల విదిలిస్తుంది.

"జడ్తిచ్చింది!" అని జనం కేక పెట్టారు.

మధ్యాహ్నం అందరం విస్తర్ల ముందు కూర్చున్నాం. మామ ముక్క నములుతూ, "మస్తు లేతగున్నది బిడ్డా. గా పొడి మళ్ల తెప్పియ్యి, వచ్చే ఏటికి ఇంకోదానికి పెడ్దువు," అన్నాడు.

నేను ఏడుస్తూ లేచాను.

"కూసో," అంది అత్తమ్మ, "కూర అయిపోతది."