పక్కకు వాల్చిన లెన్స్

అమెరికాలో ఎడిసన్‌కు వచ్చిన కొత్తలో దేవకుమారి కెమెరా పట్టుకుంటుందని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు. గుంటూరులో కెమిస్ట్రీ చదివింది. భర్త జోసఫ్ రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1979లో ఆమెకు ఊరి అంచున ఒక చిన్న స్టూడియోలో డార్క్‌రూమ్ పని దొరికింది. అక్కడ మనుషుల ఫోటోలు తీయరు. ఎలక్ట్రానిక్స్ కంపెనీలు తమ మాన్యువల్స్‌లో వేసుకోవడానికి సర్క్యూట్ బోర్డులు, మీటర్లు పంపేవి. వాటి ఫోటోలు స్టాన్లీ నోవాక్ అనే పెద్దాయన తీసేవాడు. ఆ ఫిల్మ్ కడిగి ప్రింట్లు వేయడం దేవకుమారి పని.

కొన్నాళ్లకు నోవాక్ చేతులు వణకడం మొదలుపెట్టాయి. సన్నని మరలు ఆయన మాట వినడం మానేశాయి. ఒకరోజు ఆమెను పిలిచి తన స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా ఉన్న కెమెరాకు ఒక వింత లెన్స్ బిగించి ఉంది. మర తిప్పితే అది మనిషి మెడ వాల్చినట్టు వాలుతుంది. టిల్ట్-షిఫ్ట్ లెన్స్ అంటారని చెప్పాడు.

బల్ల మీద పడుకోబెట్టిన బోర్డును మామూలు లెన్స్‌తో ఏటవాలుగా తీస్తే, ముందు వరస స్పష్టంగా వచ్చి వెనక వరసలు మసకబారతాయి. ఈ లెన్స్‌ను కిందికి వాలిస్తే ఆ స్పష్టత బోర్డు మీద దుప్పటిలా పరుచుకుంటుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి అంకెనూ చదువుకోవచ్చు. వినడానికి తేలికే. దేవకుమారి మాత్రం వారాల తరబడి అవస్థ పడింది. దగ్గర వరసకు ఫోకస్ చేసి, దూరపు వరస కోసం మర తిప్పేది. తలెత్తి చూస్తే దగ్గరిది చెదిరిపోయి ఉండేది. దాన్ని సరిచేస్తే దూరంది పోయేది.

"చాలా ఎక్కువ తిప్పుతున్నావు. వెంట్రుక వాసి తిప్పు. తర్వాత చెయ్యి తీసేసి చూడు," అనేవాడు నోవాక్.

చెయ్యి తీసేయడమే ఆమెకు కష్టమైంది. ఫలితం కనిపించకపోతే ఇంకాస్త తిప్పాలనిపించేది. క్రమంగా ఆ తొందర తగ్గింది. 1981 నాటికి బోర్డులన్నీ ఆమే తీస్తోంది. తన చేతికి ఒక విద్య వచ్చిందని ఆమెకు నమ్మకం కుదిరింది.

ఆ చలికాలంలోనే వసంతకుమారి ఊరు విడిచి వెళ్లే మాట వచ్చింది. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు జరిగే తెలుగు ఆరాధనలో పాటలు నడిపించేది ఆమే. హాస్పిటల్లో నర్సు. ఆడవాళ్లందరికీ వసంతక్క. దేవకుమారి అమెరికాలో దిగిన రోజున ఎయిర్‌పోర్ట్‌కి తన కోటొకటి తెచ్చి తొడిగింది కూడా ఆమే. తలలో గడ్డకు ఆపరేషన్ అయ్యాక ఒంటరిగా ఉండలేక, కాలిఫోర్నియాలో శాన్ రామన్‌లో ఉన్న కూతురు నవోమి దగ్గరికి వెళ్లిపోతోంది.

పాస్టర్ దైవాశీర్వాదం గారు దేవకుమారిని పక్కకు పిలిచారు. "అమ్మా, వసంతక్కతో పాటల గుంపు మొత్తాన్నీ ఒక ఫోటో తియ్యమ్మా. ఆమె తీసుకెళ్తుంది. ఫ్లాష్ మాత్రం వద్దు. ఆ మెరుపు ఆమెకి పడట్లేదంట."

బేస్‌మెంట్ ఇరుకు. గోడ వెంట పొడుగ్గా ఉన్న బెంచీ మీదే వాళ్లు కూర్చుంటారు. ఎదురుగా నిలబడి తీయడానికి చోటు లేదు, బెంచీ కొస నుంచే తీయాలి. పైన చిన్న కిటికీల్లోంచి వచ్చే వెలుతురు చాలా తక్కువ. అంత మసకలో మామూలు లెన్స్‌తో అయితే ఒకరిద్దరి ముఖాలే స్పష్టంగా వస్తాయి. నోవాక్‌ను అడిగి ఆమె ఆ లెన్స్ తెచ్చుకుంది. బోర్డుకు వాల్చినట్టే కిందికి వాల్చింది. ఒళ్లో తెరిచి పెట్టుకున్న పాటల పుస్తకాల్లో అక్షరాలు వరసంతా స్పష్టంగా కనిపించేదాకా సరిచేసి, తృప్తిగా తీసింది.

సోమవారం ప్రింట్ వేసి వెలుతురులో పెట్టి చూసింది. పుస్తకాలు, గాజులు, చేతివేళ్లు అన్నీ చక్కగా ఉన్నాయి. ముఖాలు లేవు. దూరాన ఉన్నవాళ్లు కాస్త నయం. అందరికన్నా దగ్గరగా కూర్చున్న వసంతక్క ముఖం నీళ్లలో నీడలా ఉంది. దేవకుమారి ఆ స్పష్టతను దుప్పటిలా పరిచింది ఒళ్లో ఉన్న పుస్తకాల మీద. మనుషుల ముఖాలు దానికి పైన ఉండిపోయాయి.

ప్రింట్ తీసుకుని వసంతక్క ఇంటికి వెళ్లింది. వసంతక్క దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగానే ఉంది కదే," అంది.

ఆపరేషన్ తర్వాత వసంతక్క చూపు దెబ్బతిన్నదని దేవకుమారి విన్నది గానీ ఇంతగా అనుకోలేదు. ఊరుకుంటే అక్కడితో అయిపోయేది.

"బాలేదక్కా. నీ ముఖం రాలేదు. తప్పు నాదే, ఫోకస్ కింద పెట్టేశాను."

వసంతక్క ఫోటోను ఒళ్లో పెట్టుకుంది. "ఆపరేషన్ కాడి నుంచి నాకు అందరూ ఇలాగే కనపడుతున్నారు. ఫోటో అలా ఉందనుకోలా." దాని అంచు వేలితో తడిమింది. "అయినా చూసేది నేనొక్కదాన్నేనా? నవోమి చూస్తది, దాని పిల్లలు చూస్తారు. వచ్చే ఆదివారం ఇంకోసారి తియ్యి. నేను వెళ్లేది ఆ తర్వాతేగా."

మర్నాడు స్టూడియోలో నోవాక్ ఆ ప్రింట్ చూసి నవ్వలేదు. "నీకు ఏది స్పష్టంగా రావాలి?" అని అడిగాడు.

"అందరూ."

"అందరూ అంటే కుదరదు. దీంట్లో స్పష్టంగా కనిపించే పలక ఒక్కటే ఉంటుంది. అది ఎక్కడ నిలబెట్టాలో నువ్వు చెప్పాలి."

ఫిల్మ్ కడిగే మందుల సీసాలను అర మీద వరసగా పెట్టించాడు. లెన్స్‌ను గుండ్రంగా తిప్పించి, కిందికి కాక పక్కకు వాల్చమన్నాడు. ఇప్పుడు ఆ స్పష్టత బల్ల మీద పరుచుకోలేదు. సీసాల వెంట గోడలా నిలబడింది. మొదటి సీసా లేబుల్, చివరి సీసా లేబుల్ ఒకేలా కనిపించాయి. ఒక్క సీసాను కొంచెం ముందుకు జరిపితే మాత్రం అది మసకలోకి పోయింది. దేవకుమారి వారమంతా భోజనం టైమ్‌లో సీసాలతోనే గడిపింది.

ఆదివారం బెంచీ మీద అందరూ మళ్లీ కూర్చున్నారు. ఈసారి ఆమె పుస్తకాల వైపు చూడలేదు. వసంతక్క కనురెప్పలు చూసింది, తర్వాత ఆ చివర ఉన్నామె ముక్కుపుడక చూసింది, మళ్లీ కనురెప్పలు. వెంట్రుక వాసి తిప్పి చెయ్యి తీసింది.

"ఎవరూ ముందుకు వంగొద్దు. వీపులు గోడకి ఆనించండి," అంది.

"ఊపిరైనా పీల్చుకోనిస్తావా?" అని వసంతక్క అనేసరికి వరసంతా నవ్వింది. ఆ నవ్వు ముఖాల మీద సద్దుమణిగి నిలిచినప్పుడు నొక్కింది.

ముఖాలన్నీ వచ్చాయి. బెంచీకి ఇవతల నిలబడ్డ పాస్టర్ గారు, జోసఫ్ మాత్రం బూడిదరంగు మచ్చల్లా మిగిలారు. పాస్టర్ గారు ప్రింట్‌ను అటూ ఇటూ తిప్పి, "నేనేమయ్యానమ్మా?" అన్నారు.

"మీరు గోడకి ఇవతల పడ్డారండీ," అంది దేవకుమారి. ఆయనకు అర్థం కాకపోయినా తలూపారు. జోసఫ్ మాత్రం ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ ఫోటోలో తనెక్కడున్నాడో వేలు పెట్టి చూపించేవాడు.

కొన్ని వారాలకు శాన్ రామన్ నుంచి నవోమి ఫోన్ చేసింది. "ఆంటీ, రోజూ సాయంత్రం మమ్మీ ఫోటో నా చేతికిస్తది. ఒక్కొక్కళ్లు ఎలా ఉన్నారో నేను చెప్పాలి. చెంప మీద పుట్టుమచ్చ, నుదుటి మీద ముడతలు, అన్నీ. పేరు తను చెప్తది. ఒకావిడకి కింద పెదవి మీద చిన్న గాటు ఉందని చెప్తే, అది చిన్నప్పుడు జారిపడ్డ గాటు అని వాళ్ల కథంతా చెప్పింది."

వసంతకుమారి మరో మూడేళ్లు బతికింది. నోవాక్ రిటైరయ్యాక ఆయన స్టూలు దేవకుమారిది అయింది. ఆమె పనిలో ఎక్కువ భాగం ఎప్పటిలాగే బోర్డులూ మీటర్లే. కొత్తగా చేరినవాళ్లకు లెన్స్ నేర్పేటప్పుడు మర మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. ముందు ఏది కనబడాలో నోటితో చెప్పించేది. కొందరు వెంటనే చెప్పేవాళ్లు. కొందరికి ఆ పూటంతా పట్టేది, అయినా ఆమె తొందరపెట్టేది కాదు.