మెల్లగా వస్తానన్న తమ్ముడు

నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద సగం జీవితం అరగదీసిన జ్ఞానయ్యకు ఆదివారం వస్తే వేరే కొలువు. చర్చిలో సండే స్కూల్ పిల్లలకు కథలు చెప్పేవాడు. బైబిల్లోని యాకోబు, ఏశావుల కథ మొదలుపెట్టాడంటే, పిల్లలను తీసుకుపోవడానికొచ్చిన తల్లులు కూడా నిలబడిపోయేవారు. మోసం చేసి తండ్రి దీవెన కొట్టేసిన తమ్ముడు యాకోబు భయపడుతూ తిరిగొస్తుంటే, అన్న ఏశావు ఎదురు పరుగెత్తి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. అక్కడితో ఆపి ప్రార్థన చేయించేవాడు.

అంత బాగా చెప్పే మనిషికి సొంత అన్నతో మాటల్లేవు. అన్న బాలరాజు ఉండేది ఎక్కడో కాదు, రామంతాపూర్‌లో. షేర్ ఆటో ఎక్కితే ఎంతసేపు?

గొడవ తండ్రి చావు దగ్గర మొదలైంది. పోయే మనిషి కొడుకుల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం వాళ్లింటి ఆనవాయితీ. ఆ సాయంత్రం దవాఖానాలో తండ్రి పక్కన జ్ఞానయ్య ఒక్కడే ఉన్నాడు.

"పెద్దోడేడి రా?" అని ముసలాయన పదే పదే అడిగాడు.

"వస్తుండు నాయనా," అన్నాడు జ్ఞానయ్య. ఫోన్ మాత్రం చెయ్యలేదు. చిన్నప్పటి నుంచీ ఏదైనా ముందు అన్నకే. ఈ ఒక్క దీవెనన్నా తనకే దక్కాలనుకున్నాడు. పాడు బుద్ధి! తండ్రి మాట పడిపోయాక ఫోన్ చేశాడు. బాలరాజు వచ్చేసరికి ఆ చెయ్యి చల్లబడింది. ఆలస్యంగా చెప్పాడన్న కోపంతో అన్న మాట మానేశాడు. తండ్రి తనను అడిగాడని మాత్రం ఆయనకు తెలియదు.

అప్పటి నుంచి, చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు సంస్కారం నాడు, సహోదరుడితో వైరమున్నవాళ్లు ముందు సమాధానపడి రండని పాస్టరు అన్నప్పుడల్లా జ్ఞానయ్య తల వంచుకునేవాడు. రొట్టె పళ్లెం అతను ముట్టకుండానే ముందు నుంచి వెళ్లిపోయేది.

కిందటేడు ఒక సంస్కారపు ఆదివారం పాస్టరు ఆ మాట అనగానే వెనక బల్ల నుంచి ఒక మనిషి లేచాడు. బాలరాజు! మోకాలి నొప్పితో కుంటుకుంటూనే ఉరికొచ్చి తమ్ముడి మెడ పట్టుకుని బావురుమన్నాడు. ఇద్దరూ ఒకే పళ్లెంలోంచి రొట్టె తీసుకున్నారు. చర్చంతా ఏడ్చింది.

బయట బాలరాజు స్కూటర్ తీశాడు. "పా రా, ఇంటికి పోదాం. మీ వదిన కోడికూర వండింది. నాయన ఆఖరికి ఏమన్నడో నీ నోటితోని వినాలె."

ఆ మాట వినగానే జ్ఞానయ్య స్కూటర్ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నువ్వు ముందు నడువు అన్నా. నీ మరదల్ని తోలుకొని మెల్లగ వస్త."

ఆ కౌగిలింత అయ్యాక ఏశావుతో యాకోబు అన్నదీ ఇదే. మెల్లగా వస్తానని చెప్పి వేరే దారి పట్టాడు. ఆ వచనాలు జ్ఞానయ్య పిల్లలకెన్నడూ చెప్పలేదు. రామంతాపూర్ వెళ్లనూ లేదు. వచ్చే ఆదివారం అనీ, క్రిస్మస్ అయ్యాక అనీ నెట్టుకొచ్చాడు. కౌగిలించుకున్నాం, రొట్టె తీసుకున్నాం, ఇంకేం మిగిలిందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఎండలు ముదరకముందే బాలరాజు గుండెపోటుతో పోయాడు.

శవపేటిక పక్కనున్న వదిన మరియా జ్ఞానయ్యను ఒక్క మాట కూడా తిట్టలేదు. "ఆ దినం పొద్దుగూకేదాక నీ కోసం తినకుంట కూసున్నడు జ్ఞానయ్యా," అంది. "తర్వాత గూడ ఒక్కటే మాట. నాయన నన్ను యాది జేసిండో లేదో, తమ్ముడొస్తే అడగాలె అని."

సమాధి దగ్గర అందరూ పిడికెడు మన్ను వేసి పక్కకు జరిగారు. జ్ఞానయ్య వెయ్యలేదు. గుంత అంచున కూలబడి, ఎవరు వింటున్నారన్న సోయి లేకుండా లోపలికి వంగాడు.

"నిన్నే అడిగిండు అన్నా. నన్ను కాదు, నిన్నే అడిగిండు."